బావ కొత్త నంబరు

*పోయిన మిత్రుడి నంబరు ఫోన్‌లో అలాగే ఉంటుంది. తీసేయడానికి చెయ్యి రాదు, నొక్కడానికి ధైర్యం చాలదు. మన ఫోన్లలో మిగిలిపోయిన మనుషుల గురించి, వాళ్లతో గడిచిన చిన్న చిన్న పొద్దుల గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.*

పొద్దున్న ఆరుంబావు. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో టీ కొట్టు. పాలు పొంగుకొస్తుంటే కొట్టతను గరిటెతో అణుస్తున్నాడు. ఎప్పుడూ కూర్చునే బల్ల మీదే కూర్చుని, పాత వాయిస్ మెసేజీ ఒకటి విందామని వాట్సాప్‌లో కిందకీ కిందకీ జరుపుతున్నాను. ‘బావ కొత్త నంబరు’ దగ్గర వేలు ఆగిపోయింది. ఏడాదిగా బూడిద రంగు బొమ్మ తప్ప ఏమీ లేని ఆ గుండ్రంలో ఒక ఫొటో ఉంది. రెండు పిలకలేసుకున్న పాప. ట్రాక్టరు సీటు మీద కూర్చుని, అందీ అందని స్టీరింగు పట్టుకుని నవ్వుతోంది.

మా బావ పోయి పదిహేను నెలలు.

చాట్ తెరిచాను. మేం మాట్లాడుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి. అన్నిటికంటే కింద, ఎవరూ పంపని చిన్న పట్టీ ఒకటి. ఈ నంబరు సెక్యూరిటీ కోడ్ మారిందని. అంటే ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరిదో. ఆ పాప తండ్రిదో, మేనమామదో. గ్లాసు చేతిలోనే ఉంది, టీ చల్లారిపోయింది. కొట్టతను చూసి, అడక్కుండానే ఇంకోటి తెచ్చి పెట్టాడు.

బావ అంటే వరుసకి బావ కాడు. 1987లో తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఎవరు ముందు పిలిచారో గుర్తులేదు, మూడో రోజుకల్లా ‘బావా’ అయిపోయింది. మా ఊళ్లవైపు స్నేహం కాస్త ముదిరితే వరుస కలుపుకోకుండా ఉండలేం. 2009లో వాడు నంబరు మార్చాడు. ఆ రోజు ‘బావ కొత్త నంబరు’ అని రాసుకున్నాను. పాతది తీసేశాను. కొత్తది మాత్రం ఏళ్ల తరబడి కొత్తదిగానే ఉండిపోయింది.

పెళ్లి పందిట్లో నాన్న

ఈమధ్య పెళ్లి వీడియోలు కొన్ని ఫోన్ల నిండా తిరుగుతున్నాయి. పందిట్లో దీపాలు తగ్గిస్తారు. పెద్ద తెర మీద, ఏ మూడేళ్ల కిందటో పోయిన తండ్రి మబ్బుల్లోంచి నడిచి వస్తాడు. కూతురి తల మీద చెయ్యి పెడతాడు. నవ్వుతాడు. కొన్నిటిలో మాట్లాడతాడు కూడా. పెళ్లికూతురు కుప్పకూలి ఏడుస్తుంది, వచ్చినవాళ్లంతా కళ్లు తుడుచుకుంటారు. పాత ఫొటోలు నాలుగు, గొంతు కాస్త ఉంటే చాలు, మిగతాది ఏఐ చూసుకుంటుంది. ఇలాంటివి చేసిపెట్టే ఫొటో స్టూడియోలు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి.

ఆ కూతుళ్లని నేను తప్పుపట్టను. తండ్రి లేని పీటల మీద కూర్చోవడం ఎలా ఉంటుందో కూర్చున్నవాళ్లకే తెలుసు. 2020లో దక్షిణ కొరియాలో ఎంబీసీ అనే టీవీ సంస్థ ఒక తల్లికి కళ్లజోడు లాంటి పరికరం పెట్టి, జబ్బుతో పోయిన ఏడేళ్ల కూతుర్ని మళ్లీ చూపించింది. ఆ తల్లి గాల్లో చేతులు చాచి పిల్లని తడుముకుంటుంటే ప్రపంచమంతా చూసింది. కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు, కొందరు ఇదేం పని అన్నారు. రెండూ నిజమే అనిపించింది నాకు.

సినిమావాళ్లకి ఈ ప్రశ్న ఇంకోలా ఎదురైంది. 2024లో ‘లాల్ సలామ్’ సినిమా పాట కోసం ఎ.ఆర్. రెహమాన్, అప్పటికే కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఏఐతో తిరిగి పలికించారు. కుటుంబాలని అడిగి, వాళ్ల అనుమతితోనే చేశామని చెప్పారు. అదే ఏడాది, తన తండ్రి బాలు గొంతుని తమని అడగకుండా వాడారంటూ ఒక తెలుగు సినిమా బృందానికి ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. బాలు గొంతు అందరిదీ అని మనమంతా అనుకుంటాం. కానీ ఆ గొంతుతోనే ‘అన్నం తిన్నావా నాన్నా’ అనిపించుకున్నవాడు ఒకడున్నాడు కదా.

నా బాధ ఇంకొకటి. మబ్బుల్లోంచి వచ్చిన ఆ తండ్రి చక్కగా ఇస్త్రీ చేసిన పంచెలో ఉంటాడు. దగ్గడు. పీటల మీద కూతురుంటే వంటవాడితో సాంబారు గురించి గొడవపడడు. జేబులో చిల్లర వెతుక్కోడు. మనిషి పోయాక మనకి వెలితిగా ఉండేది ఆ దీవెన ఒక్కటేనా? మా బావ తెర మీదకి వచ్చి చెయ్యి ఊపితే నేనూ ఏడుస్తాను, అందులో సందేహం లేదు. కానీ నాకు కావలసింది పొద్దున్నే వచ్చే మిస్డ్ కాల్.

ఒక్క రింగు చాలు

దాని సంగతి చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి.

చదువులయ్యాక వాడు ఉద్యోగానికి అనంతపురం వెళ్లాడు, నేను విజయవాడలో ఉండిపోయాను. అవి పసుప్పచ్చ బోర్డుల ఎస్టీడీ బూత్‌ల రోజులు. రాత్రి పొద్దుపోయేకొద్దీ రేటు తగ్గేది. పదకొండు దాటితే పావు వంతే. అందుకని పదకొండింటికి బూత్ ముందు వరస కట్టేవాళ్లం. దోమలు కుడుతుండేవి. గాజు గదిలో మనిషి బయటికొస్తే, లోపల వాడి చెమట వాసన ఇంకా ఉండగానే మనం దూరేవాళ్లం. మాట్లాడేది పెద్దగా ఏముండేది కాదు. కళ్లు మాత్రం ఎదురుగా తిరిగే ఎర్ర అంకెల మీద ఉండేవి. నలభై రూపాయలు దాటాక ఎవడో ఒకడు ‘ఉంటా బావా’ అనాల్సిందే.

మన దేశంలో మొట్టమొదటి మొబైల్ మాట 1995 జులై 31న నడిచింది. కోల్‌కతా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మా చేతికి ఫోన్లు వచ్చేసరికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యే దాకా, ఎదుటివాడు చేసినా మన డబ్బులూ పోయేవి మరి. అప్పటికి బావ కూడా బదిలీ మీద విజయవాడ వచ్చేశాడు.

మిస్డ్ కాల్ అనే భాష పుట్టింది అప్పుడే. పైసా ఖర్చు లేకుండా కబురందించే విద్య అది. దేశమంతా నేర్చుకుంది. పాలవాడికి ఒక రింగు, ఆటోవాడికి రెండు రింగులు. మా ఇద్దరి మధ్య ఒకటే అర్థం. పొద్దున్న ఆరింటికి కాస్త ముందు, ఇద్దరిలో ఎవరి నుంచి ఒక్క రింగొచ్చి ఆగిపోయినా, ‘బయల్దేరా’ అని. ఎత్తకూడదు. ఎత్తితే అవతలివాడికి డబ్బు దండగ. పావుగంటలో ఇద్దరం టీ కొట్టు దగ్గరుండేవాళ్లం. తర్వాత్తర్వాత ఫోన్ మాటలన్నీ ఉచితమైపోయాయి, ఎంతసేపు మాట్లాడినా అడిగే దిక్కు లేదు. మేం మాత్రం ఒక్క రింగు దాటలేదు. అలవాటు ఇరవై ఏళ్లు నడిచింది.

కొట్టు దగ్గర మాటలేమిటని మా ఇంట్లో అడిగేవాళ్లు. ఏమీ లేవు, నిజంగా. కాలవలో నీళ్లు వదిలారా లేదా, పక్కింటాయన మెట్లు రోడ్డు మీదకి కట్టాడు, రాత్రి చపాతీ పడలేదు. కొన్ని రోజులు మాటే ఉండేది కాదు. పేపరు చెరో సగం పంచుకుని చదివి, సగాలు మార్చుకుని, లేచిపోయేవాళ్లం. ఇన్నేళ్లలో ఆ కొట్టు దగ్గర మేం తేల్చిన విషయం ఒక్కటీ లేదు. ఆ పావుగంట లేని పొద్దు మాత్రం ఇప్పటికీ నాకు అలవాటు కాలేదు.

పోయినేడాది మాఘమాసంలో ఒక రోజు. అయిదు గంటల యాభై రెండు నిమిషాలకి రింగొచ్చి ఆగింది. నేను వెళ్లి కూర్చున్నాను. ఆరుంబావు అయింది, ఆరున్నర అయింది. విసుగొచ్చింది. ఒక టీ తాగాను. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మొత్తం తొమ్మిదిసార్లు చేశానని తర్వాత లెక్కపెడితే తెలిసింది. చెప్పులేసుకుంటూ గుమ్మంలోనే పడిపోయాడట.

ఆ మిస్డ్ కాల్ కొన్నాళ్లు నా ఫోన్‌లో ఎర్ర బాణంతో ఉండేది. తర్వాత వచ్చిన కాల్స్ దాన్ని కిందకి నెట్టి నెట్టి ఒక రోజు బయటికే తోసేశాయి. ఫొటో తీసి పెట్టుకోవాలని అప్పుడు తోచలేదు.

---

నంబరు ఎన్నాళ్లు ఉంటుంది?

ప్రీపెయిడ్ నంబరు వాడకం ఆగిపోయాక కనీసం 90 రోజుల దాకా దాన్ని రద్దు చేయకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. ఖాతాలో కనీసం 20 రూపాయలుంటే, అందులోంచి 20 తీసుకుని మరో 30 రోజులు నంబరుని నిలిపి ఉంచాలి. రద్దయిన నంబరుని వెంటనే వేరేవాళ్లకి ఇవ్వరు. మరో 90 రోజులైనా ఖాళీగా ఉంచుతారు. 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన ఒక కేసులో ట్రాయ్ ఈ సంగతి చెప్పింది. నంబరు వదిలేసేవాళ్లు తమ వాట్సాప్ ఖాతాని, అందులోని సమాచారాన్ని ముందే తొలగించుకోవాలని కోర్టు సూచించింది. ఇక వాట్సాప్, మామూలుగా 120 రోజులు ఎవరూ వాడని ఖాతాని తీసేస్తుంది. మన ఫోన్‌లో ఉన్న చాట్ మాత్రం దానివల్ల పోదు.

---

స్నేహితుడికి మైల లేదు

పెద్దకర్మ రోజున వంటలవీ అయ్యాక, వాళ్ల ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. ఫోన్ చేతిలో ఉంది. “అన్నయ్యగారూ, ఒకటి అడగనా? రోజూ పొద్దున్నే ఈయనకి ‘టీ కొట్టు’ అని ఫోనొచ్చేది. పాత బాకీ ఏదో ఉందేమో, అడుగుతున్నారేమో అనుకునేదాన్ని. ఆ రోజు కూడా వస్తానే ఉంది. తొమ్మిదిసార్లు. నేను ఎత్తలేదు. మీ నంబరని ఇప్పుడే చూశాను.”

ముప్ఫయ్యేడేళ్ల స్నేహానికి మా బావ పెట్టుకున్న పేరు అది. నాకు తెలియదు. నన్ను నా పేరుతోనో, బావ అనో రాసుకున్నాడనుకున్నాను.

మనిషి పోతే మన దగ్గర ప్రతి చుట్టరికానికీ ఒక లెక్కుంది. జ్ఞాతులకి పది రోజుల మైల. కొడుక్కి గుండు, ఏడాది పాటు మాసికాలు. మేనమామ ఏం తేవాలి, వియ్యంకుడు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ తెలుసు. తెలంగాణలో పెత్రమాసకి పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతారు. షబ్-ఎ-బరాత్ రాత్రి ఖబరస్తాన్‌లు దీపాలతో మెరుస్తాయి. నవంబర్ 2న క్రైస్తవ సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతాయి. ఇన్నిటిలో స్నేహితుడు ఎక్కడ నిలబడాలి? గోడవార. కుర్చీలు సర్దుతూ, మంచినీళ్ల బాటిళ్లు అందిస్తూ, అంబులెన్సుకి డబ్బులిచ్చి ఎవరికీ చెప్పకుండా. అతనికి మైల లేదు కాబట్టి మర్నాడు ఆఫీసుకి వెళ్లొచ్చు. వెళ్లాలి కూడా. ఫ్రెండు పోయాడంటే సెలవిచ్చే రిజిస్టరు నేను ఎక్కడా చూడలేదు.

వీధిలో మైకులో ఘంటసాల భగవద్గీత వినపడితే చాలు, ఎవరింట్లోనో ఎవరో పోయారని మనకి అర్థమైపోతుంది. 1974లో వెళ్లిపోయిన మనిషి గొంతు, యాభై ఏళ్లుగా తెలుగువాళ్ల చావు ఇళ్లలో ఆఖరి మాట చెబుతోంది. బావ ఇంటి ముందు కూడా అదే పెట్టారు. ఆ మైకుని సరిచేసింది నేనే. కర్రకి కట్టిన తాడు ఊడిపోతుంటే మళ్లీ బిగించి కట్టాను. చేతులకి అంతకంటే పని దొరకలేదు.

ఆర్నెల్ల తర్వాత మహాలయ పక్షంలో మా నాన్నగారికి తర్పణం వదులుతున్నాను. నువ్వులూ నీళ్లూ చేతిలో ఉన్నాయి. తాతముత్తాతలు, మేనమామలు, అత్తలు, అందరి వరసా అయ్యాక మా పురోహితుడు “ఇంకెవరైనా ఉన్నారా బాబూ? గురువులు, స్నేహితులు?” అన్నారు. ఏళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాను, ‘లేరండీ’ అంటూనే ఉన్నాను. ఈసారి నోరు పెగలడానికి కాస్త టైం పట్టింది. స్నేహితుడికీ అందులో చోటుందని తెలిసి ఎంత ఊరటగా ఉందో చెప్పలేను. గోత్రం అడిగారు. నాకు తెలియదు. ఇన్నేళ్లలో వాడి గోత్రంతో నాకు పని పడలేదు. పేరు చెప్పి వదలండి, చాలు అన్నారాయన.

పదకొండు సెకన్లు

బావకి తెలుగులో టైపు చేయడం రాదు, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాయడం ఇష్టం లేదు. 2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు వచ్చాక వాడికి పండగైంది. నా ఫోన్‌లో వాడివి రెండు వందల పదకొండు ఉన్నాయి. ఎక్కువ భాగం అరనిమిషం లోపువే.

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది పదకొండు సెకన్లది. రెండేళ్ల కిందటి మే నెల, నున్న మామిడి మార్కెట్ నుంచి పంపాడు. ఆవకాయకి కాయ ఏటా ఇద్దరం కలిసే కొనేవాళ్లం. ఆ ఏడు నాకు జ్వరమొస్తే ఒక్కడే వెళ్లాడు. మెసేజీ మొదట్లో రెండు సెకన్లు ఉత్త రొద. ఎవడో లారీ వెనక్కి తీస్తున్నాడు. తర్వాత బావ గొంతు: “బావా, కాయ గట్టిగా ఉంది, టెంక బాగా పట్టింది. యాభై తీసుకోనా?” అంటుండగానే పక్కనుంచి ఎవరో ‘జరుగు జరుగు’ అన్నారు. బావ ‘ఆగవయ్యా’ అన్నాడు. తర్వాత ఒక చిన్న దగ్గు. ఆ తర్వాత, ఫోన్ కాస్త దూరంగా పెట్టినట్టున్నాడు, నాతో కాదు, కాయలమ్మేవాడితో, “మా బావకి పులుపు ఎక్కువుండాలి, చూసివ్వు” అన్నాడు. అక్కడ ఆగిపోతుంది.

ఆ ఆఖరి మాట నేను వినాలని అన్నది కాదు. అందుకే అది నాకు అంత ప్రాణం. మనకి చెప్పే మాటల్లో ప్రేమ ఎంతైనా ఉండొచ్చు. మనం లేనప్పుడు మన పులుపు గురించి ఇంకొకడితో బేరమాడిన గొంతు దొరకడం అదృష్టం. ఏ ఏఐకీ ఈ మాట తెలియదు. నాలుగు ఫొటోలిచ్చి, గొంతు నమూనా ఇచ్చి అడిగితే ‘బావా, బాగున్నావా, నేను ఇక్కడ క్షేమం’ అని చెబుతుంది. మా బావ జన్మలో అలా మాట్లాడలేదు.

మిగతా మెసేజీల వెనక చప్పుళ్లు కూడా ఇప్పుడు వింటున్నాను. ఒకదాంట్లో కుక్కరు మూడో విజిల్. ఒకదాంట్లో వాళ్ల మనవరాలు అఆలు చదువుతుంటే బావ గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఇంకోదాంట్లో వాన. అయిదు నిమిషాల పాటు నాతో ఏమీ మాట్లాడకుండా ఉన్నది ఒకటుంది. జేబులో పొరపాటున నొక్కుకుపోయింది. చెప్పుల చప్పుడు, ఊపిరి, ఎవరికో ‘నమస్తే అండీ’, మళ్లీ చెప్పుల చప్పుడు. అప్పట్లో తీసేద్దామనుకున్నాను, ఫోన్‌లో చోటు సరిపోవట్లేదని. ఎందుకు తీయలేదో గుర్తులేదు. ఇప్పుడు కొన్ని పొద్దులు దాన్ని చెవిలో పెట్టుకుని కాలవ గట్టు మీద నడుస్తాను.

---

గాలి ఫోను

జపాన్ ఈశాన్య తీరంలో ఒట్సుచి అనే ఊరుంది. 2010లో ఇతారు ససాకి అనే తోటమాలి, కేన్సర్‌తో పోయిన తన బంధువుతో మాట్లాడుకోవడానికి ఇంటి తోటలో తెల్లటి టెలిఫోన్ బూత్ పెట్టుకున్నాడు. లోపల అంకెలు తిప్పే నల్లటి పాత ఫోను. తీగ ఎక్కడికీ వెళ్లదు. మాట గాలిలో వెళ్తుందని దానికి గాలి ఫోను అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది మార్చి 11న సునామీ వచ్చి ఆ ఊళ్లో వెయ్యిమందికి పైగా తీసుకుపోయింది. ససాకి తన తోట తలుపు తెరిచిపెట్టాడు. ఇళ్లు పోయినవాళ్లు, పిల్లలు పోయినవాళ్లు వచ్చి, పాత ఇంటి నంబరు తిప్పి, మాట్లాడి వెళ్లేవారు. కొందరు రిసీవరు చెవికి ఆనించుకుని ఊరికే నిలబడేవారు. ఇప్పుడు అలాంటి బూత్‌లు చాలా దేశాల్లో వెలిశాయి.

---

దాచుకోవాలంటే

మొన్న ఒక పెళ్లిలో ఈ సంగతి ఎత్తితే, ఒక్కొక్కరూ తమ ఫోన్ తీసి చూపించారు. దూరపు బంధువు ఒకావిడ, తల్లి పంపిన ఆఖరి మెసేజీని చూపించింది. ‘కరివేపాకు తెస్తావా’. అంతే. ఇంకొకాయన అన్నయ్య నంబరుకి ఇప్పటికీ రీచార్జ్ చేయిస్తున్నాడు, సిమ్ బీరువాలో ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకబ్బాయి మాత్రం గొల్లుమన్నాడు. ఫోన్ మార్చినప్పుడు చాట్లన్నీ పోయాయట. కాలేజీ రోజుల నుంచీ ఉన్న ఫ్రెండు గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు. పాతికేళ్ల కుర్రాడు పెళ్లి భోజనాల దగ్గర అలా ఏడుస్తుంటే ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. మజ్జిగ పోసేవాడు కూడా ఆగిపోయాడు.

అందుకే కాస్త పని చెబుతాను, చేసిపెట్టుకోండి. వాట్సాప్‌లో మామూలుగా ఏ చాట్‌నైనా ఆడియోలూ ఫొటోలతో సహా బయటికి తీసి మన ఈమెయిల్‌కి పంపుకునే ఏర్పాటుంది. చాట్ సెట్టింగుల్లో ‘ఎక్స్‌పోర్ట్’ అని ఉంటుంది. నచ్చిన వాయిస్ మెసేజీలు ఒక పెన్‌డ్రైవ్‌లోనో కంప్యూటర్‌లోనో వేసి పెట్టుకోవచ్చు. ఏ తేదీ, ఏ సందర్భం, పక్కనే రాసుకోవాలి. నాకు నున్న మార్కెట్ సంగతి గుర్తుంది కానీ, వాన మెసేజీ ఏ ఊరి నుంచో ఎంత ఆలోచించినా తట్టట్లేదు.

మన తర్వాత మన ఖాతాలు ఎవరు చూడాలో ముందే చెప్పే వీలూ ఉంది. గూగుల్ 2013 నుంచి ఈ ఏర్పాటు ఇచ్చింది. ఇన్ని నెలలు నా అలికిడి లేకపోతే నా ఫొటోలు ఫలానావారికి పంపండి అని రాసిపెట్టొచ్చు. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాల్ని ఆ సంస్థ తీసేయొచ్చు కూడా, కాబట్టి ఇది అవసరం. ఫేస్‌బుక్‌లో 2015 నుంచి, యాపిల్ ఫోన్లలో 2021 చివరి నుంచి వారసుడి పేరు పెట్టుకోవచ్చు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనం పోయాక మన సమాచారం మీద హక్కులు చూసుకోవడానికి నామినీని పెట్టుకునే వీలిచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

వీటన్నిటిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ గడిలో భార్య పేరో కొడుకు పేరో రాయాలని ఎవరూ కట్టడి చేయలేదు. పొలం పిల్లలకి పోతుంది, బంగారం కోడళ్లకి పోతుంది. పనికిమాలిన కబుర్లు ఎవరితో చెప్పుకున్నామో, అవి వాళ్లకి దక్కాలి. ఇంట్లోవాళ్లకి బాధ కలగకుండా, వాళ్లతో చెప్పే రాయండి. నేను రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చిన పేరు మా బావదే. గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ట్రాక్టరు పాప

ఆ ఫొటో చూసిన రోజు ఫోన్ చేయలేదు. మర్నాడూ చేయలేదు. నాలుగో రోజు పొద్దున్న, అయిదు గంటల యాభై రెండు నిమిషాలకి మెలకువొచ్చేసింది. ఒక్క రింగిచ్చి పెట్టేద్దామనుకున్నాను. రింగు పూర్తికాకముందే ఎత్తేశారు.

“చెప్పండీ.”

కుర్రగొంతు. వెనక ఇంజను స్టార్టవుతున్న చప్పుడు. నాకు మాట రాలేదు.

“పెద్దాయన కోసమాండీ?” అన్నాడు అతనే.

అవునన్నాను. ఇంజను ఆపేశాడు. సిమ్ తీసుకుని మూడు నెలలైందట. జగ్గయ్యపేట దగ్గర పల్లెటూరు, సొంత ట్రాక్టరుంది, కిరాయికి తోలతాడు. “సిమ్ వేసిన వారం నుంచీ వస్తానే ఉన్నాయండి ఫోన్లు. మొదట్లో రాంగ్ నంబరని పెట్టేసేవాణ్ణి. ఒకాయన అయితే రెండు మూడు మాట్లు చేశాడండి, నమ్మట్లేదు. మా ఆవిడ అంది, ఎవరో పోయినాయన నంబరులాగుంది, గబుక్కున పెట్టేయమాక, నెమ్మదిగా చెప్పు అని. అప్పట్నుంచి చెబుతున్నానండి. మొన్న ఉగాది రోజు ఏడుగురు చేశారండి. ఒకావిడైతే ఏం మాట్లాడలేదు, ఏడ్చి పెట్టేసింది.”

నంబరు మార్చుకోవచ్చు కదా బాబూ, నీకు ఇబ్బంది కదా అన్నాను. “కిరాయిలోళ్లందరికీ ఇదే ఇచ్చానండి. అయినా ఇబ్బందేముందండీ, మంచోళ్లే చేస్తున్నారు” అన్నాడు. తర్వాత కాస్త ఆగి, “ఆయన ఏం చేసేవారండీ?” అని అడిగాడు.

చెప్పాను. ఉద్యోగం సంగతి రెండు ముక్కల్లో అయిపోయింది. తర్వాత ఏం చెప్పాలో తోచక, పేపరు సగం సగం చదివే సంగతి చెప్పాను. మామిడికాయలు చెప్పాను. టైపు చేయడం రాదని చెప్పాను. అతను ‘ఆఁ’, ‘ఆఁ’ అంటూ విన్నాడు. మధ్యలో పాప లేచినట్టుంది, నాన్నా అని పిలిచింది. ‘ఒక్క నిమిషం బంగారం, తాతతో మాట్లాడుతున్నా’ అన్నాడు. నేనెవరి తాతని, ఏ తాతని? కానీ ఆ మాటకి గొంతు పూడుకుపోయింది నాకు. పాప పేరడిగాను. చెప్పాడు. ఆకుమడి దున్నకాలు మొదలవగానే ఖాళీ ఉండదని, ఎప్పుడన్నా ఇటు వస్తే వాళ్లూరు రమ్మని అన్నాడు. పన్నెండు నిమిషాలు మాట్లాడామని పెట్టేశాక ఫోన్ చూస్తే తెలిసింది.

పెట్టేసే ముందు ఒకటి అడిగాడు.

“అండీ, మీ నంబరు ఏమని సేవ్ చేసుకోమంటారండీ? మళ్లీ చేస్తే గుర్తుపడతాను.”

“టీ కొట్టు అని రాసుకో బాబూ” అన్నాను.